ఆవులు పితకడానికి వచ్చి హోటల్ యజమాని అయిన స్విస్ మనిషి: ఫెలిక్స్ మత్తేయి గురించి మాట్లాడుకుందామా?

రోడ్డుపక్క_టీ:
లాస్ ఏంజెలెస్ వైపు ఉండే మనవాళ్లలో సాల్వాంగ్ అనే డేనిష్ ఊరు చూడనివాళ్లు తక్కువే. డేనిష్ బేకరీలో నాలుగు తినేసి, గాలిమర ముందు ఫొటో దిగి వెనక్కి వచ్చేస్తాం. అక్కడికి కారులో పది నిమిషాలు పోతే లాస్ ఒలివోస్ అని చిన్న ఊరు ఉంది, ఇప్పుడు అంతా వైన్ రుచి చూపించే దుకాణాలే. ఆ ఊళ్లో 1886లో ఫెలిక్స్ మత్తేయి అనే ఆయన ఒక హోటల్ పెట్టాడు. అది ఇంకా ఉంది! చేతులు మారింది, చాలాకాలం ఉత్త రెస్టారెంటుగా నడిచింది, 2023లో ఖరీదైన రిసార్టుగా మళ్లీ తెరిచారు, పేరు మాత్రం మత్తేయిదే.

ఈయన స్విట్జర్లాండ్‌లో ఇటాలియన్ మాట్లాడే టిచీనో ప్రాంతం మనిషి. కుర్రతనంలోనే కాలిఫోర్నియా వచ్చి పాడిలో పడ్డాడు. కొన్నేళ్లకే హోటల్ ఓనర్. నాకు అర్థం కానిది ఆ మధ్యలో జరిగింది. అప్పట్లో అమెరికాలో 160 ఎకరాలు ఉచితంగా ఇచ్చేవారు కదా, ఈయన కూడా అలా భూమి పుచ్చుకుని, దాన్ని అమ్మి హోటల్ కట్టాడా? తెలిసినవాళ్లు చెప్పండి. గూగుల్ చేసి చూడు అనే సమాధానాలు వద్దు, అది నాకూ వచ్చు.

సందేహాల_సత్తి:
స్విస్ వాడు హోటల్ పెడితే వింతేముంది బాసూ, వాళ్ల దేశంలో ప్రతి కొండకీ ఒక హోటల్ ఉంటుంది.

పాతమ్యాపులు:
సత్తి గారూ, మీరనే స్విట్జర్లాండ్ వేరు, ఈయన వచ్చిన స్విట్జర్లాండ్ వేరు. 1850ల టిచీనో అంటే రాతి ఇళ్లు, చెస్ట్‌నట్ చెట్లు, నిటారుగా ఉండే లోయలు, ముక్కలైపోయిన చేలు. తండ్రి చేను కొడుకులందరికీ సమానంగా పంచే ఆచారం, రెండు మూడు తరాలయ్యేసరికి ఒక్కొక్కరికి నాలుగు బంగాళాదుంప సాళ్లు మిగిలేవి. అందుకే మగవాళ్లు చలికాలం ఇటలీ నగరాలకి పోయి పొగగొట్టాలు తుడవడం, వేయించిన చెస్ట్‌నట్లు అమ్మడం, తాపీ పని చేసేవాళ్లు. 1853లో, అప్పట్లో ఆస్ట్రియా పాలనలో ఉన్న మిలాన్‌లో తిరుగుబాటు జరిగితే, కుట్రదారులకు టిచీనో ఆశ్రయం ఇచ్చిందన్న కోపంతో ఆస్ట్రియా సరిహద్దు మూసేసింది. లాంబార్డీలో పనిచేసుకునే దాదాపు 6,000 మంది టిచీనో వాళ్లని ఇళ్లకు తరిమేసింది. పని లేదు, ధాన్యం లేదు. దానికి తోడు బంగాళాదుంపకి తెగులు.

అప్పుడు మొదలైంది అసలు వలస. మొదటి గుంపు ఆస్ట్రేలియా బంగారు గనులకి పోయింది. విక్టోరియాలో డేల్స్‌ఫర్డ్, హెప్‌బర్న్ స్ప్రింగ్స్ దగ్గర ఇప్పటికీ వాళ్ల ఆనవాళ్లు ఉన్నాయి. ప్రయాణం డబ్బు చాలామందికి ఊరి పంచాయతీలే అప్పుగా ఇచ్చాయి, ఉమ్మడి పొలాలు తాకట్టు పెట్టి మరీ. ఆస్ట్రేలియాలో బంగారం అందరికీ దొరకలేదు కానీ అప్పు అందరికీ మిగిలింది. తర్వాతి గుంపులు కాలిఫోర్నియా వైపు తిరిగాయి. బంగారం కోసం వచ్చినవాళ్లు కూడా ఎక్కువమంది చివరికి ఆవుల దగ్గరే తేలారు. ఆ తరం కుర్రవాళ్లలో ఒకడు మత్తేయి.

డైరీబాబాయ్:
ఆవుల మాట వచ్చింది కాబట్టి నేను దిగుతున్నా. మాది ప్రకాశం జిల్లా, మూడు తరాలుగా పాడి. ఈ టిచీనో వాళ్ల గురించి చదివినప్పుడు నన్ను ఆకట్టుకున్నది వాళ్ల లెక్క. ఒక మనిషి చేత్తో ఇరవై, పాతిక ఆవులు పితికేవాడు, రోజుకి రెండు పూటలా. మొదటి పితుకుడు తెల్లవారుజామున చీకట్లోనే. చేత్తో పితికినవాళ్లకే తెలుసు అదేంటో, పది ఆవులయ్యేసరికి ముంజేతులు మొద్దుబారిపోతాయి. జీతం నెలకి పాతిక ముప్పై డాలర్లు, తిండీ పడకా యజమానివి. ఖర్చు పెట్టుకోవడానికి చుట్టుపక్కల ఏమీ లేదు కాబట్టి అందులో ఎక్కువ భాగం మిగిలేది. ముందు ఊరి అప్పు తీర్చేవాళ్లు, తర్వాత తమ్ముణ్ణి రప్పించేవాళ్లు, ఆ తర్వాతే సొంతానికి.

సొంతానికి అంటే భూమి కొనడం కాదు. కౌలు. అదీ ఎకరాల లెక్కన కాదు, ఆవుల లెక్కన! ఉత్తరాన పాయింట్ రేయెస్‌లో రాసుకున్న కౌలు కాగితాల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. భూమి, ఆవులు, పాక, ఇల్లు అన్నీ భూస్వామివి. గుర్రాలు, పందులు, వెన్న తీసే సామాను కౌలుదారు తెచ్చుకోవాలి. ఆవు ఒక్కింటికి ఏడాదికి ఇరవై పైచిలుకు డాలర్లు కట్టాలి. వెన్న అమ్ముకున్న డబ్బు కౌలుదారుది. వెన్న తీశాక మిగిలిన పాలు పందులకి పోసి వాటినీ అమ్ముకునేవాళ్లు. మా వైపు పాలకేంద్రం వాళ్లు వెన్నశాతం చూసి డబ్బిచ్చినట్టే, అక్కడ మొత్తం ఆట వెన్న మీదే. పచ్చిపాలు శాన్‌ఫ్రాన్సిస్కో దాకా పంపితే విరిగిపోతాయి, వెన్న అయితే ఉప్పు కలిపి స్టీమర్ ఎక్కించొచ్చు.

రోడ్డుపక్క_టీ:
బాబాయ్ బాగా చెప్పారు. అయితే నా ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. 160 ఎకరాలు ఉచితం అన్నప్పుడు వీళ్లు కౌలుకి ఎందుకు పోయారు? పిచ్చివాళ్లా?

లా_చదివినమ్మాయి:
పిచ్చివాళ్లు కాదండి, అక్కడ ఇవ్వడానికి ప్రభుత్వ భూమి ఉంటే కదా!

హోమ్‌స్టెడ్ చట్టం 1862 మే 20న లింకన్ సంతకంతో వచ్చింది. ఇరవై ఒక్కేళ్లు నిండినవాళ్లు గానీ, కుటుంబ పెద్ద గానీ, ఆడవాళ్లయినా సరే, 160 ఎకరాలకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఫీజులన్నీ కలిపి 18 డాలర్ల దాకా. అయిదేళ్లు అక్కడే కాపురముండి, ఇల్లు కట్టి, సాగు చేసినట్టు ఇద్దరు సాక్షులతో చెప్పించుకుంటే పట్టా. అంత ఓపిక లేకపోతే ఆరు నెలల తర్వాత ఎకరాకి డాలరుంపావు కట్టి అప్పుడే కొనేసుకోవచ్చు. విదేశీయులైతే పౌరసత్వం తీసుకుంటానని ముందుగా ప్రకటన దాఖలు చేస్తే దరఖాస్తుకి చాలు. ఇలా మొత్తం మీద 16 లక్షల పట్టాలు, 27 కోట్ల ఎకరాలు పంచారు, దేశం విస్తీర్ణంలో పదో వంతు.

కానీ ఇది ప్రభుత్వ భూమికే. కాలిఫోర్నియా తీరం వెంబడి మంచి గడ్డి భూములన్నీ అప్పటికే పెద్ద పెద్ద రాంచోలుగా, అంటే పశువుల ఎస్టేట్లుగా, ప్రైవేటు చేతుల్లో ఉన్నాయి, ఎక్కువగా మెక్సికో పాలనలో ఇచ్చినవి. మెక్సికోతో యుద్ధం ముగించిన 1848 ఒప్పందం ప్రకారం అమెరికా ఆ హక్కులను గౌరవించాలి, అయితే 1851 చట్టం వచ్చి, మీ హక్కు మీరే కమిషన్ ముందు నిరూపించుకోండి అంది. కేసులు ఏళ్ల తరబడి సాగాయి, లాయర్ల ఫీజులకే సగం భూమి పోయినవాళ్లున్నారు. మత్తేయి ఉన్న శాంటా ఇనెజ్ లోయే తీసుకోండి. అందులో 35,000 ఎకరాలకు పైగా చర్చి చేతిలో ఉండేది, మతగురువుల విద్యాలయం నడపడానికి 1844లో మెక్సికో గవర్నరు ఇచ్చిన భూమి. 1880లలో చర్చి దాన్ని ముక్కలు చేసి అమ్మడం, కౌలుకివ్వడం మొదలుపెట్టాకే శాంటా ఇనెజ్ ఊరు పుట్టింది. మిగిలిన ప్రభుత్వ భూమి అంతా వెనకాల కొండల్లో, నీళ్లు లేని చోట. అలాంటి చోటికి పోయి హోమ్‌స్టెడ్ చేసిన స్విస్ వాళ్లూ ఉన్నారు. కానీ ఆవులకి గడ్డి, నీళ్లు కావాల్సినవాళ్లకి కౌలే దారి.

పాతమ్యాపులు:
దీనికి ఇంకొక్క ముక్క కలుపుతా, ఎందుకంటే ఇది లేకపోతే కౌలుకి ఇచ్చేవాళ్లే ఉండేవాళ్లు కాదు. 1861–62 చలికాలంలో కాలిఫోర్నియాని వరద ముంచెత్తింది, ఆ వెంటనే 1862 నుంచి 64 దాకా కరువు. శాంటా బార్బరా ప్రాంతంలో పాత రాంచోల పశువులు మందలు మందలుగా చచ్చాయి. తోలు, కొవ్వు మీద బతికిన ఆ పాత కుటుంబాలు అప్పుల్లో మునిగి భూములు అమ్ముకున్నాయి. కొన్నవాళ్లకి భూమి ఉంది, పనిచేసే చేతులు లేవు. సరిగ్గా అప్పుడే పాడి తెలిసిన టిచీనో కుర్రవాళ్లు దిగారు. ఒకరి కరువు ఇంకొకరికి అవకాశం అయింది, వినడానికి బాగుండకపోయినా జరిగింది అదే.

సందేహాల_సత్తి:
ఇంతకీ హోటల్ ఎప్పుడు కడతాడు సార్? ఇంటర్వెల్ అయిపోయింది.

రైలుపిచ్చి:
సత్తీ, హోటల్ రావాలంటే ముందు రైలు రావాలి. నేను దీనికోసమే కాచుకుని ఉన్నా 😀

పసిఫిక్ కోస్ట్ రైల్వే. మూడడుగుల గేజ్, అంటే మన పాత మీటర్ గేజ్ కంటే కూడా సన్నం. శాన్ లూయిస్ ఒబిస్పో దగ్గర పోర్ట్ హార్‌ఫర్డ్ అనే రేవు నుంచి బయల్దేరి, శాంటా మరియా మీదుగా 1882కి లాస్ అలమోస్ దాకా వచ్చింది. ధాన్యం, వెన్న, బీన్స్ రేవుకి చేర్చడమే దాని అసలు పని. 1887 చివర్లో ఇంకాస్త దక్షిణానికి లాస్ ఒలివోస్ చేరి అక్కడే ఆగిపోయింది. శాంటా బార్బరా వరకూ వేయాలని అనుకున్నారు, కానీ ముందు శాంటా ఇనెజ్ కొండలు అడ్డం, వేయలేకపోయారు.

ఇప్పుడు మ్యాపు ఊహించుకోండి. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి దక్షిణానికి వచ్చే ప్రయాణికుడు లాస్ ఒలివోస్‌లో రైలు దిగుతాడు. శాంటా బార్బరా కొండ అవతల ఉంది. శాన్ మార్కోస్ కనుమ మీదుగా గుర్రబ్బండి ఎక్కాలి. రైలు వచ్చిన వెంటనే బండి దొరకదు, పొద్దున్నే బయల్దేరుతుంది. మరి రాత్రి ఎక్కడ? మత్తేయి హోటల్లో! అటు నుంచి వచ్చేవాళ్లకీ అంతే, కనుమ దిగి ఒళ్లు హూనమై వచ్చి మత్తేయి దగ్గర పడతారు.

గమనించాల్సింది ఏంటంటే ఆయన హోటల్ పెట్టింది 1886లో, రైలు వచ్చింది 1887లో. అంటే పట్టాలు రాకముందే డబ్బు పెట్టాడు. ఆ రోజుల్లో రైలు వస్తుందని నమ్మి మునిగిపోయిన ఊళ్లు ఎన్నో ఉన్నాయి, రైలు ఇంకో దారిన పోయేది అంతే.

మోటల్_మామ:
చాలా రోజులకి నా సబ్జెక్టు వచ్చింది. ఓక్లహోమాలో ఒక మోటల్ నడుపుతున్నాను, మనకి ఈ లెక్కలు అర్థమవుతాయి.

చూడండి, మత్తేయి గొప్పతనం అంతా రైలుకంటే ముందు హోటల్ కట్టడంలో ఉందని రైలుపిచ్చి గారు అన్నారు. సగమే ఒప్పుకుంటా. చివరి స్టేషన్లో ఉన్న హోటల్ నడపడం పెద్ద విద్య కాదు. దిగినవాడికి వేరే దారి లేదు, వర్షం పడుతున్నా, పడక బాగోకపోయినా నీ దగ్గరికే రావాలి. అసలు విద్య ఆ బేరం పోయాక తెలుస్తుంది. 1901లో సదరన్ పసిఫిక్ వాళ్లు తీరం వెంబడి పెద్ద లైను పూర్తి చేశారు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలెస్ దాకా రైలు దిగకుండా పోవచ్చు. గుర్రబ్బళ్లు ఆ ఏడాదితోనే ఆగిపోయాయి. మత్తేయికి పదిహేనేళ్లుగా వస్తున్న కస్టమరు ఒక్కసారిగా మాయం!

ఇంటర్‌స్టేట్లు అనే పెద్ద హైవేలు వచ్చాక పాత రూట్ 66 రోడ్డు మీద మోటళ్లకి జరిగింది కూడా ఇదే. నా మోటల్ దగ్గర హైవే ఎగ్జిట్ మరమ్మతులకని కొన్నాళ్లు మూస్తేనే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టలేదు, అంత టెన్షన్. ఆయనకి ఎగ్జిట్ కాదు, మొత్తం దారే పోయింది. అయినా మూతపడలేదు. అదెలా జరిగిందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, నాకు నిజంగా కావాలి.

శాంటామరియా_అక్క:
మోటల్ మామ గారూ, నేను ఇక్కడికి దగ్గర్లోనే ఉంటాను, ఊళ్లో చెప్పుకునేవీ, మ్యూజియంలో చూసినవీ కలిపి చెప్తాను.

ఒకటి, భోజనం. గుర్రబ్బండి రోజుల్లోనే ఆ హోటల్‌కి తిండి దగ్గర మంచి పేరు. రెండు, దారి పోయినా లోయ పోలేదు కదా. చుట్టూ వేట, ఏట్లో చేపలు, గుర్రపు స్వారీ. డబ్బున్నవాళ్లు దారిలో ఆగడానికి కాకుండా అక్కడే వారాల తరబడి ఉండడానికి రావడం మొదలుపెట్టారు. వెనకాల విడివిడిగా చిన్న కాటేజీలు కట్టారు, అవి వాళ్లకోసమే. తర్వాత కార్లు వచ్చాయి, కారు ఉన్నవాడు రైలు పోని చోటుకే పోవాలనుకుంటాడు. పేరు చూస్తే కథ తెలుస్తుంది, మొదట సెంట్రల్ హోటల్, తర్వాత హోటల్ లాస్ ఒలివోస్, చివరికి జనం నోట్లో మత్తేయిస్ టావెర్న్. ఊరి పేరు తీసేసి మనిషి పేరు పెట్టుకుంది హోటలు.

మధ్యలో ఇంకో సంగతి. రైలు వచ్చిన ఊపులో అదే ఊళ్లో గుట్ట మీద ఇంతకంటే ఆడంబరంగా ఇంకో పెద్ద హోటల్ కట్టారు. అది 1890లో కాలిపోయింది. అంటే ఆయన ఓపికతో పాటు కాస్త అదృష్టం కూడా కలిసొచ్చింది, లేదని ఎందుకు అనాలి.

ఆయన భార్య లూసీ. ఇద్దరికీ అయిదుగురు కొడుకులు. అందులో క్లారెన్స్ చిత్రకారుడయ్యాడు. ఆ కథ నాకు చాలా ఇష్టం. హోటల్‌కి వచ్చిన హెర్మన్ డ్యురీయా అనే ధనవంతుడు ఆ పిల్లాడి బొమ్మలు చూసి, ముందు శాన్‌ఫ్రాన్సిస్కోలో, తర్వాత పారిస్‌లో చదివించాడు. పొలంలోనే ఉండుంటే ఆ పిల్లాడు డ్యురీయా కంట పడేవాడా? తర్వాత శాంటా బార్బరాలో పేరున్న పోర్ట్రెయిట్ చిత్రకారుడయ్యాడు, తల్లిదండ్రుల బొమ్మలు కూడా ఆయనే వేశాడు.

సందేహాల_సత్తి:
అక్కా, అయిదుగురు కొడుకులు, వచ్చేపోయే గెస్టులు, మూడు పూటలా భోజనాలు... వంటంతా లూసీ గారేనా? ఎందుకంటే మన ఇళ్లల్లో కథ చెప్పేటప్పుడు తాతగారు హోటల్ పెట్టారంటారు, పిండి రుబ్బింది మాత్రం నాయనమ్మ.

శాంటామరియా_అక్క:
సత్తీ, నువ్వు ఒక్కోసారి మంచి ప్రశ్నలే వేస్తావు 🙂 లూసీ చేయి లేకుండా ఆ హోటల్ లేదన్నది నిజం. కానీ వంటింట్లో చైనా నుంచి వచ్చిన వంటవాడు ఉండేవాడు, జిన్ లంగ్ జిన్ అని. ఈ రిసార్టు వాళ్లు ఇప్పుడు లోపల ఒక బార్‌కి ఆయన పేరే పెట్టారు. వంటే కాదు, వ్యవసాయంలోనూ ఘటికుడు, నీళ్లు పెట్టకుండా నేలలో తేమతోనే పంట తీసేవాడని పేరు.

లా_చదివినమ్మాయి:
ఈ జిన్ గారి సంగతి వచ్చింది కాబట్టి నేను పైన వదిలేసిన ముక్క చెప్పాలి, లేకపోతే ఈ థ్రెడ్ మొత్తం "కష్టపడ్డాడు, పైకొచ్చాడు" అన్న పాటే అవుతుంది.

పౌరసత్వం తీసుకుంటానని ప్రకటన ఇస్తే భూమికి అర్హత అన్నాను కదా. ఆ ప్రకటన ఎవరు ఇవ్వొచ్చు? 1790 చట్టం ప్రకారం "తెల్లజాతి స్వేచ్ఛా వ్యక్తులు" మాత్రమే పౌరులు కావచ్చు. 1870లో ఆఫ్రికా మూలాల వాళ్లని చేర్చారు. చైనా వాళ్లని చేర్చలేదు, సరికదా 1882లో చైనా కూలీల రాకనే నిషేధించి, ఉన్నవాళ్లకి పౌరసత్వం ఇవ్వకూడదని అదే చట్టంలో రాసేశారు. అది 1943 దాకా పోలేదు. 1913లో కాలిఫోర్నియా ఇంకో అడుగు వేసింది, పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదంది.

ఇప్పుడు ఒకే కప్పు కింద ఉన్న ఇద్దరిని చూడండి. ఇద్దరూ సముద్రాలు దాటి వచ్చినవాళ్లే, ఇద్దరికీ మొదట్లో ఇంగ్లిష్ పరాయి భాషే, ఇద్దరూ రెక్కల కష్టం చేసినవాళ్లే. పంట తీయడంలో ఇద్దరిలో చేయి తిరిగినవాడు బహుశా జిన్ గారే. కానీ హోమ్‌స్టెడ్ కాగితం మీద సంతకం పెట్టే హక్కు మత్తేయికి ఉంది, ఆయనకి లేదు. మత్తేయి ఆ హక్కు వాడుకున్నాడా లేదా అన్నది వేరే విషయం, తలుపు తెరిచి ఉండడమే పెద్ద తేడా. బ్యాంకు అప్పు, కౌలు, లైసెన్సు అన్నీ ఆ తలుపు వెనకాలే ఉంటాయి.

మనవాళ్లూ ఆ గీతకి అవతలే. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకి పౌరసత్వానికి అర్హత లేదని తీర్పిచ్చింది. దాంతో కాలిఫోర్నియా లోయల్లో పంజాబీ రైతులు భూములు వేరేవాళ్ల పేర్ల మీద పెట్టుకోవాల్సి వచ్చింది. 1946లో గానీ ఆ గీత చెరగలేదు.

మోటల్_మామ:
అమ్మాయ్, నీ పోస్టు రెండుసార్లు చదివా. ఇవాళ ఈ దేశంలో సగానికి పైగా హోటళ్లు, మోటళ్లు భారతీయ మూలాల వాళ్లవి, అందులో గుజరాతీ పటేళ్లదే పైచేయి, మన తెలుగువాళ్లు ఈమధ్య పెరుగుతున్నాం. మాకు కూడా తలుపు తెరిచాకే ఇది సాధ్యమైంది, 1965 వలస చట్టం తర్వాత. ఇది మా అసోసియేషన్ మీటింగుల్లో ఎవరూ చెప్పరు, అందరూ "మా కష్టం" అనే మొదలుపెడతారు. కష్టం నిజమే, కాదనను.

అయితే ఒక మాట. తలుపు తెరిచి ఉన్న స్విస్ వాళ్లు వేలమంది వచ్చారు, అందరూ మత్తేయి కాలేదు. ఎక్కువమంది జీవితాంతం పితుకుతూనే ఉన్నారు. ఆయనలో ఏదో ఉంది.

లా_చదివినమ్మాయి:
ఉంది, ఒప్పుకుంటా. ఉన్నదానికి అవకాశం దొరికింది అన్నదే నా పాయింట్. జిన్ గారిలో కూడా ఏదో ఉంది, పేరు ఒక బార్ బోర్డు మీదికి ఎక్కడానికి నూరేళ్లు పైన పట్టింది.

డైరీబాబాయ్:
పితుకుతూనే ఉన్నవాళ్లని తక్కువ చేయకండి ఇద్దరూ. కయూకస్, గ్వాడలూప్ చుట్టుపక్కల వాళ్ల పిల్లలు తర్వాత భూములు కొన్నారు, బ్యాంకులు పెట్టారు, ఇప్పటికీ ఆ పేర్లతో రాంచ్‌లు ఉన్నాయి. హోటల్ బోర్డు రోడ్డు మీద ఉంటుంది కాబట్టి దాన్ని చూస్తాం, అంతే.

పాతమ్యాపులు:
ఒక చిన్న పక్కదారి. టిచీనో నుంచి భోజనశాలల్లోకి వెళ్లినవాళ్లలో మత్తేయి మొదటివాడేం కాదు. న్యూయార్క్ డెల్మోనికోస్ విన్నారా? జాన్, పీటర్ అనే అన్నదమ్ములు, టిచీనోలో మైరెంగో ఊరివాళ్లు. 1827లో కేకులు, కాఫీ అమ్మే చిన్న దుకాణంతో మొదలుపెట్టారు. 1834లో బ్రూక్లిన్ వైపు 220 ఎకరాల పొలం కొన్నారు, ఎందుకంటే తమకి కావాల్సిన కూరగాయలు న్యూయార్క్ మార్కెట్‌లో దొరకలేదు, సొంతంగా పండించుకోవాల్సి వచ్చింది. తర్వాత వాళ్ల సోదరుడి కొడుకు లొరెంజో హోటల్ కూడా నడిపాడు. అంటే వాళ్లది వంటగది నుంచి పొలానికి, మత్తేయిది పాడి నుంచి వంటగదికి. ఏ వైపు నుంచి వచ్చినా తిండిని పండించేచోటూ వడ్డించేచోటూ ఒకే చేతిలో ఉంచుకున్నారు. నా అనుమానం ఏంటంటే మత్తేయి హోటల్‌కి తిండి దగ్గర పేరు రావడానికి కారణం ఇదే, వెన్న, పాలు, మాంసం ఎక్కడ మంచివో పాడి చేసినవాడి కంటే ఎవరికి తెలుస్తుంది?

రోడ్డుపక్క_టీ:
ఇది నచ్చింది. అయితే నా మొదటి ప్రశ్నకి జవాబు ఇదన్నమాట: ఉచిత భూమి కథ కాదు, వెన్న డబ్బు, కౌలు అనుభవం, రైలు వస్తుందన్న అంచనా, పైగా తెరిచి ఉన్న తలుపు.

ఇంకో ప్రశ్న. వీళ్లందరికంటే ముందు ఆ లోయ ఎవరిది?

పాతమ్యాపులు:
చుమాష్ అనే ఆదివాసీ ప్రజలది. 1804లో స్పానిష్ ఫ్రాన్సిస్కన్ మతగురువులు శాంటా ఇనెస్ మిషన్ అనే చర్చి స్థావరం కట్టి వాళ్లని అందులోకి లాగారు. జబ్బులతో, చాకిరీతో జనం చిక్కిపోయారు. 1824లో అక్కడ మొదలైన తిరుగుబాటు ఇంకో రెండు మిషన్లకి పాకింది. చివరికి 1901లో వాళ్లకి దక్కిన రిజర్వేషన్, అంటే తెగకి కేటాయించిన భూమి, వంద ఎకరాల లోపు, ఏటి ఒడ్డున. అవును, గుర్రబ్బళ్లు ఆగిపోయిన అదే ఏడాది. ఒక్క హోమ్‌స్టెడ్ 160 ఎకరాలు అని పైన చెప్పుకున్నాం, ఒక తెగ మొత్తానికి వంద లోపు.

శాంటామరియా_అక్క:
ఇప్పుడు ఆ రిజర్వేషన్ మీదే చుమాష్ కాసినో రిసార్ట్ ఉంది, వందల గదుల హోటల్, వాళ్ల సొంతం. లోయలో చాలామందికి ఉద్యోగాలు ఇచ్చేది వాళ్లే. మా పక్కింటావిడ అక్కడే పనిచేస్తుంది.

మోటల్_మామ:
ఆ ఆక్యుపెన్సీ నాకు వస్తే ఓక్లహోమా వదిలి వచ్చేస్తా అక్కా.

సందేహాల_సత్తి:
సరే, వచ్చే లాంగ్ వీకెండ్ పోతున్నాం. ఇంట్లో ఒప్పించేశా, సాల్వాంగ్ అని మాత్రమే చెప్పాను. మత్తేయిలో గది అద్దె చూశాను, కళ్లు తిరిగాయి, కాబట్టి బయట నుంచే చూసి వస్తాం. ఆ గుర్రబ్బండి దారిలో కారు పోతుందా?

రైలుపిచ్చి:
పోతుంది, కొంత వరకు. శాంటా బార్బరా నుంచి 154 హైవే ఎక్కు, అదే శాన్ మార్కోస్ కనుమ. పైకెక్కాక పక్కకి స్టేజ్‌కోచ్ రోడ్ అని బోర్డు ఉంటుంది. అది పాత దారే, 1860ల చివర్లో టోల్ రోడ్డుగా వేశారు, రాళ్లు పగలగొట్టిన కూలీలు చైనా వాళ్లే. కిందికి దిగితే కోల్డ్ స్ప్రింగ్ టావెర్న్ వస్తుంది, గుర్రాలు మార్చుకునే మజిలీ, ఇప్పటికీ రెస్టారెంటుగా నడుస్తోంది. తల ఎత్తితే 1963లో కట్టిన పెద్ద ఆర్చి వంతెన కనిపిస్తుంది, ఇవాళ్టి హైవే దాని మీద నుంచి పోతుంది. అక్కడ తినేసి మళ్లీ 154 ఎక్కితే లాస్ ఒలివోస్ అరగంట. మత్తేయి దగ్గర రైలు పట్టాలు వెతక్కు, 1930లలోనే పీకేశారు. పాత నీళ్ల ట్యాంకు గోపురం మాత్రం ఉంది, దాని ముందు ఫొటో దిగు.

సందేహాల_సత్తి:
పిల్లలకి వాంతులు వచ్చే మలుపులా?

శాంటామరియా_అక్క:
వస్తాయి. టాబ్లెట్ వేయించు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం కోల్డ్ స్ప్రింగ్ దగ్గర పార్కింగ్ దొరకదు, శనివారం పొద్దున్నే పో.